అంతరిక్షపు కంటికి మెరుగు పెట్టేదెవరు?

కోనసీమ డిగ్రీ కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్ నుంచి ఉపగ్రహ కెమెరా దాకా ఒక దారి ఉంది. కౌన్సెలింగ్ జాబితాల్లో అది కనిపించదు.

సఖినేటిపల్లి మండలం అంతర్వేది పల్లిపాలెంలో తెల్లవారకముందే బోట్లు కదులుతాయి. డీజిల్ డబ్బాలు ఎక్కించేవారు కొందరు, ఐసు కొట్టి పెట్టెల్లో నింపేవారు కొందరు, వలలు సర్దుకునేవారు కొందరు. ఎటు పోతే చేప తగులుతుందో ఒకప్పుడు గాలిని, నీటి రంగును, పిట్టల వాలకాన్ని చూసి పెద్దవాళ్లు తేల్చేవారు. ఆ అనుభవానికి ఇప్పుడు ఒక కబురు తోడైంది. ఫలానా రేవు నుంచి ఫలానా దిక్కున, ఇన్ని కిలోమీటర్ల దూరాన, ఇంత లోతున్న చోట చేపలు ఉండే అవకాశం ఉందని హైదరాబాద్ ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ మత్స్యకారులకు తెలుగులోనే సమాచారం పంపుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సాగే వేట నిషేధంలోనూ, సముద్రం మీద మబ్బు కమ్మినప్పుడూ ఆ కబురు రాదు. మిగతా రోజుల్లో దాన్ని నమ్ముకుని డీజిల్ ఖర్చు లెక్క వేసుకునే బోట్లు ఈ తీరం పొడవునా ఉన్నాయి.

ఆ కబురు పుట్టేది ఒక కెమెరాలో. సముద్రంలో సూక్ష్మమైన వృక్ష ప్లవకాలు పెరిగిన చోట నీరు నీలం నుంచి ఆకుపచ్చ వైపు మళ్లుతుంది. ఆ ప్లవకాల కోసం చిన్న చేపలు, వాటి కోసం పెద్ద చేపలు చేరతాయి. ఏడు వందల కిలోమీటర్ల పైనుంచి ఆ రంగు మార్పును పట్టేందుకు ఓషన్‌శాట్ తరగతి ఉపగ్రహాల్లో ప్రత్యేకమైన కెమెరా ఉంటుంది. 2022 నవంబరు 26న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఈఓఎస్-06లో అది 13 వేర్వేరు రంగుల పట్టీల్లో సముద్రాన్ని చూస్తుంది. వినడానికి తేలికే. కాని పైనున్న కెమెరాకు చేరే వెలుతురులో దాదాపు పదింట తొమ్మిది వంతులు గాలి నుంచి చెదిరి వచ్చిందే. సముద్రపు నీటి నుంచి వచ్చే సమాచారం మిగిలిన ఆ పదో వంతులోనే ఉంటుంది. లెన్సు మీద పూతలో చిన్న తేడా వచ్చినా, కెమెరా గొట్టం లోపలి గోడ నుంచి కాస్త వెలుగు పక్కదారిన పడినా ఆ పదో వంతు చెడిపోతుంది. అంతర్వేది బోటు ఉత్త చేతులతో తిరిగి రావడానికి అంత చిన్న తప్పు చాలు.

ఆ తప్పు జరగకుండా చూసేవారిని ఆప్టికల్ ఇంజనీర్లు అంటారు. రాకెట్ చేసేవారి గురించి మనకు బాగా తెలుసు. ప్రయోగం రోజు టీవీల్లో వాళ్లే కనిపిస్తారు. రాకెట్ పని పదిహేను ఇరవై నిమిషాల్లో ముగుస్తుంది. ఆ తర్వాత ఏళ్ల తరబడి పని చేసేది, దేశానికి నిజంగా ఫలితం ఇచ్చేది దాని తలపై కూర్చుని వెళ్లిన పరికరం. అలాంటి పరికరాల్లో చాలావాటికి ప్రాణం అద్దంలోనో లెన్సులోనో ఉంటుంది.

వెబ్ ఆప్షన్లలో దొరకని వృత్తి

ఏటా ఈఏపీసెట్ ఫలితాలు వచ్చాక అమలాపురం, రాజోలు, కొత్తపేటల్లో ఇంటింటా ఒకటే చర్చ: ఏ కాలేజీలో సీఎస్ఈ వస్తుంది? సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఉద్యోగాలు తగ్గిస్తున్నాయన్న వార్తలు చదువుతూనే, కృత్రిమ మేధ వచ్చి కోడింగ్ పనిని తినేస్తుందని భయపడుతూనే, గుంపులో గోవిందా అన్నట్టు అదే బ్రాంచికి ఆప్షన్ పెడుతున్నారు. మెకానికల్ అంటే పెదవి విరుపు. ఇంకా బీఎస్సీ ఫిజిక్స్ అంటే పిల్లవాడి బతుకు గల్లంతైనట్టే మాట్లాడతారు. ఈ చర్చలో అంతరిక్ష రంగం ప్రస్తావన రాకుండా పోదు. చంద్రయాన్-3 దిగిన 2023 ఆగస్టు 23 నుంచి అది మరీ పెరిగింది. అయితే ఆ ప్రస్తావన ‘ఇస్రోలో చేరాలంటే ఐఐటీ కావాలి, మనవల్ల కాదు’ అనే మాట దగ్గర ఆగిపోతుంది.

ఆ మాట తప్పు. అంతరిక్ష ఆప్టిక్స్‌కు మొదటి మెట్టు పేరున్న కాలేజీ కాదు, ఒక రకమైన చెయ్యి. దేన్నైనా ఓపికగా కొలిచి, కొలతను అనుమానించి, మళ్లీ కొలిచే చెయ్యి. ఆ చెయ్యి తయారయ్యే చోటు కోనసీమలో ఇప్పటికే ఉంది. అది మన డిగ్రీ కాలేజీల ఫిజిక్స్ ల్యాబ్. దాన్నే మనం పనికిరాని గదిగా వదిలేస్తున్నాం.

చీకటి గదిలో పసుపు దీపం

బీఎస్సీ ఫిజిక్స్ చదివిన ప్రతి ఒక్కరూ చేసిన ప్రయోగం ఒకటుంది: న్యూటన్ వలయాలు. గది చీకటి చేస్తారు. సోడియం దీపం వేసి, దాని ఎర్రటి వెలుగు నిలకడైన పసుపు రంగుకు తిరిగేదాకా కొన్ని నిమిషాలు ఆగుతారు. చదునైన గాజు పలక మీద ఒక వైపు ఉబ్బిన లెన్సు పెట్టి, పైన 45 డిగ్రీల కోణంలో ఇంకో పలుచని గాజు నిలబెడతారు. మైక్రోస్కోపులో చూస్తే నల్లటి, పసుపు వలయాలు ఒకదాని చుట్టూ ఒకటి కనిపిస్తాయి. ఎడమ అంచు దగ్గర వెర్నియర్ రీడింగ్, కుడి అంచు దగ్గర ఇంకో రీడింగ్, తీసివేస్తే వ్యాసం. పది పదిహేను వలయాలు అలా కొలిచి గ్రాఫు గీసి లెన్సు వక్రతా వ్యాసార్ధం తేలుస్తారు. రికార్డులో సంతకం పడుతుంది. పరీక్ష అయ్యాక అందరూ మర్చిపోతారు.

లెన్సులు, అద్దాలు చేసే వర్క్‌షాపుల్లో తరతరాలుగా వాడిన పరీక్ష ఇదే. తయారవుతున్న గాజు మీద, ముందే కచ్చితంగా చేసి పెట్టుకున్న నమూనా గాజును ఆనిస్తారు. రెండింటి మధ్య చిక్కుకున్న గాలి పొర మందాన్ని బట్టి వలయాలు ఏర్పడతాయి. ఒక వలయం నుంచి తర్వాతి వలయానికి ఆ మందం కాంతి తరంగదైర్ఘ్యంలో సగం మారుతుంది. సోడియం వెలుగులో అది దాదాపు 295 నానోమీటర్లు, అంటే మిల్లీమీటరులో మూడు వేల వంతుకు కొంచెం తక్కువ. వలయాలు గుండ్రంగా, సమానంగా వస్తే గాజు బాగున్నట్టు. ఒక పక్కకు వంగితే అక్కడ ఎత్తో పల్లమో ఉన్నట్టు. ఇప్పుడు లేజర్ ఇంటర్‌ఫెరోమీటర్లు, కంప్యూటర్లు వచ్చాయి. అవి చదివేదీ అలాంటి చారలనే.

ఇక అద్దం చేసే పనిని దగ్గరగా చూద్దాం. వేడికి దాదాపు వ్యాకోచించని ప్రత్యేకమైన గాజు దిమ్మ తీసుకుంటారు. ముందు ముతక పొడితో, తర్వాత సన్న పొడితో అరగదీసి కావలసిన వంపు తెస్తారు. ఆ దశలో గాజు పాలలా తెల్లగా ఉంటుంది, ఏమీ కనిపించదు. తర్వాత తారు లాంటి మెత్తని పదార్థం పూసిన పలక మీద సీరియం ఆక్సైడ్ కలిపిన నీళ్లు పోస్తూ గంటల తరబడి మెరుగు పెడతారు. మెరుగు ఆపిన వెంటనే కొలవకూడదు. రాపిడి వల్ల గాజు వేడెక్కి ఉంటుంది, ఆ కాస్త వేడికే ఆకారం మారుతుంది. గది ఉష్ణోగ్రతకు వచ్చేదాకా ఆగాలి, అప్పుడు కొలవాలి. ఎక్కడో కొన్ని నానోమీటర్ల మిట్ట తేలుతుంది. ఆ చోటు వరకే మళ్లీ మెరుగు, మళ్లీ ఆగడం, మళ్లీ కొలవడం. నెలలు పడుతుంది.

ఆదర్శ ఆకారం నుంచి సుమారు 30 నానోమీటర్లకు మించి తేడా ఉండకూడదన్నది తరచూ పెట్టుకునే హద్దు. కొన్ని పరికరాలకు ఇంకా కఠినం. 2019 నవంబరు 27న వెళ్లిన కార్టోశాట్-3 నేల మీద పాతిక సెంటీమీటర్ల వస్తువును వేరుగా చూపగలదు. ఐదు వందల కిలోమీటర్ల పైనుంచి అది సాధ్యం కావాలంటే మీటరు పైచిలుకు వ్యాసమున్న అద్దం తప్పదని కాంతి వివర్తన సూత్రమే చెబుతుంది. అంత అద్దాన్ని రావులపాలెం నుంచి అంతర్వేది దాకా సాగదీశామనుకుంటే, ఆ మేరంతటా ఎక్కడా మిట్టపల్లాలు ఒకటిన్నర మిల్లీమీటరు దాటకూడదన్నమాట. దాన్ని చేసి ఊరుకుంటే సరిపోదు. రాకెట్ కుదుపులకు చెక్కు చెదరకూడదు. శూన్యంలో ఒక వైపు ఎండ, ఒక వైపు గడ్డకట్టే చలి ఉన్నా వంకర పోకూడదు. అందుకే అద్దాన్ని పట్టి ఉంచే చట్రం గీసే మెకానికల్ ఇంజనీరు, వేడి లెక్కలు కట్టేవారు, పూత పూసేవారు, కాంతిని విద్యుత్తుగా మార్చే సెన్సరు చూసే ఎలక్ట్రానిక్స్ వారు, అన్నీ కలిపి దారికి తెచ్చే అలైన్‌మెంట్ నిపుణులు, చివరికి ‘ఈ పరికరం చెప్పిన అంకెను ఎంత నమ్మవచ్చు’ అని తేల్చే కాలిబ్రేషన్ వారు, ఇందరూ ఆప్టికల్ బృందంలోకే వస్తారు.

బాక్స్: 1.3 మిల్లీమీటర్లు
1990 ఏప్రిల్ 24న హబుల్ టెలిస్కోపు వెళ్లింది. కొన్ని వారాల్లోనే బొమ్మలు మసకగా వస్తున్నాయని తేలింది. 2.4 మీటర్ల అద్దం అంచు దగ్గర కావలసిన దానికన్నా సుమారు 2 మైక్రాన్లు చదునుగా ఉంది. మెరుగు పెట్టినవారి నైపుణ్యానికి లోటు లేదు. వాళ్లు నమ్మిన పరీక్ష పరికరంలో ఒక లెన్సు 1.3 మిల్లీమీటర్లు తప్పు చోట బిగించి ఉంది. వేరే సాదా పరీక్షలు తేడా ఉందని చూపినా, పెద్ద పరికరం మాటే నిజమని వాటిని పక్కన పెట్టారు. 1993 డిసెంబరులో వ్యోమగాములు వెళ్లి సవరణ అద్దాలు బిగించాకే హబుల్ చూపు బాగుపడింది.

హబుల్ కథను ఈ వృత్తిలోకి వచ్చే ప్రతి ఒక్కరికీ చెబుతారు. అంత డబ్బు, అంతమంది మేధావులు ఉన్న చోట ఓడిపోయింది సిద్ధాంతం కాదు, కొలత. రెండు కొలతలు రెండు రకాలుగా చెప్పినప్పుడు ‘ఎందుకు?’ అని పట్టుబట్టే మనిషి ఆ రోజు గెలవలేకపోయారు. రికార్డులో అంకెలు పక్కవాడి పుస్తకం చూసి ఎక్కించే అలవాటు మన ల్యాబుల్లో ఎంత మామూలో అందరికీ తెలుసు. ఆ అలవాటు ఈ వృత్తికి బద్ధశత్రువు.

మనకు కొత్త విద్య కాదు

కాంతి శాస్త్రంతో తెలుగు నేల బంధం పాతది. సి.వి.రామన్ బాల్యం విశాఖపట్నంలో గడిచింది. తండ్రి అక్కడి ఏవీఎన్ కాలేజీలో అధ్యాపకుడు. 1928లో ఆయన కనుగొన్న రామన్ ప్రభావం ఆధారంగా పనిచేసే పరికరాలు 2021 ఫిబ్రవరిలో అంగారకుడి మీద దిగిన పర్సెవరెన్స్ రోవర్‌లో రాళ్లను పరీక్షిస్తున్నాయి. అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టిన సూరి భగవంతం కలకత్తాలో రామన్ వద్ద పనిచేసి, 1930ల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి కాంతి పరిక్షేపణం మీద పరిశోధన సాగించారు. తర్వాత రక్షణ శాఖకు శాస్త్ర సలహాదారు అయ్యారు. అదే వాల్తేరులో కొచ్చెర్లకోట రంగధామరావు వర్ణపట శాస్త్రానికి ఒక పరంపరనే నిలబెట్టారు. హైదరాబాద్ నిజామియా వేధశాల నీడలో పెరిగి నిజాం కాలేజీలో చదివిన వైణు బప్పు తమిళనాడులోని కావలూరులో వేధశాల కట్టారు. అక్కడి 2.34 మీటర్ల టెలిస్కోపు అద్దానికి మన దేశంలోనే మెరుగు పెట్టారు. 1986 జనవరిలో దానికి ఆయన పేరు పెట్టారు.

బప్పు నడిపిన భారతీయ ఖగోళ భౌతిక సంస్థే తర్వాత అంతరిక్ష పరికరాలకూ చెయ్యి వేసింది. 2015 సెప్టెంబరు 28న వెళ్లిన ఆస్ట్రోశాట్‌లోని అతినీలలోహిత టెలిస్కోపు జంట ఆ సంస్థ నడిపించిన పనే. 2023 సెప్టెంబరు 2న వెళ్లిన ఆదిత్య-ఎల్1లోని ప్రధాన పరికరం వెల్క్ బెంగళూరు పక్కన హోసకోటేలోని వాళ్ల శుభ్రమైన గదుల్లో రూపుదిద్దుకుంది. సూర్యుడి చుట్టూ ఉండే కరోనా, సూర్యబింబం కన్నా లక్షల రెట్లు మసక. బింబాన్ని కప్పి కరోనాను చూడాలంటే అద్దం మీద ధూళి కణం కూడా శత్రువే. కణం మీద పడి చెదిరిన బింబపు వెలుగు కరోనాను మింగేస్తుంది. అక్కడ పనిచేసేవాళ్లు తల నుంచి కాలి దాకా ముసుగు వేసుకుని, మాట కూడా ఆచితూచి మాట్లాడే పరిస్థితిలో నెలల తరబడి ఉన్నది ఇందుకే.

బాక్స్: బందరు లెన్సులు
1926లో మచిలీపట్నంలో ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ మొదలైంది. బడులకు, కాలేజీలకు సైన్సు పరికరాలు చేస్తూ ఎదిగి, తర్వాత దృశ్య పరికరాల్లోకి వచ్చింది. 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ దాన్ని తీసుకుంది. సైన్యానికి కావలసిన రాత్రి దృష్టి పరికరాలు అక్కడ తయారవుతున్నాయి. బెంగళూరు కాదు, హైదరాబాద్ కాదు, సముద్రం ఒడ్డున ఉన్న ఒక తెలుగు పట్నం వందేళ్లుగా ఈ పని చేస్తోంది.

ఏ తలుపు తట్టాలి?

తిన్నగా వెళ్లే దారి తిరువనంతపురంలోని ఐఐఎస్‌టీ. 2007లో ఇస్రో కోసమే పెట్టిన ఈ సంస్థలో ఇంజనీరింగ్ ఫిజిక్స్ ద్వంద్వ డిగ్రీ ఉంది. అందులో చివర ఆప్టికల్ ఇంజనీరింగ్ ఎంటెక్ ఎంచుకోవచ్చు. విడిగా ఎంటెక్ కూడా ఉంది. ద్వంద్వ డిగ్రీకి జేఈఈ అడ్వాన్స్‌డ్ కావాలి, సీట్లు కొద్దే. చదువులో నిర్ణీత గ్రేడు తెచ్చుకుంటే ఖాళీలను బట్టి ఇస్రోలోనే ఉద్యోగం దొరుకుతుంది. ఇది అందరికీ అందేది కాదు, నిజమే. కాని ఇదొక్కటే దారి అనుకోవడం దగ్గరే మన తల్లిదండ్రులు పొరబడుతున్నారు.

రెండో దారి పొడవైనదే గాని వెడల్పైంది. బీఎస్సీ ఫిజిక్స్, ఆ పైన ఎమ్మెస్సీ లేదా ఆప్టిక్స్‌లో ఎంటెక్. కలకత్తా విశ్వవిద్యాలయం, ఐఐటీ ఢిల్లీ, కొచ్చిన్‌లోని కుశాట్ ఈ విద్యకు పేరున్న చోట్లు. మంగళయాన్‌లో మీథేన్ సెన్సరు పనిని చూసిన మౌమితా దత్తా కలకత్తా విశ్వవిద్యాలయంలో అప్లైడ్ ఫిజిక్స్ చదివి 2006లో అహ్మదాబాద్ స్పేస్ అప్లికేషన్స్ సెంటర్‌లో చేరారు. ఇస్రో భూపరిశీలన కెమెరాల్లో చాలావరకు తయారయ్యేది ఆ అహ్మదాబాద్ కేంద్రంలోనే. అద్దాలు, నక్షత్రాలను గుర్తుపట్టి ఉపగ్రహానికి దిక్కు చెప్పే స్టార్ సెన్సర్లు తయారయ్యేది బెంగళూరు పీణ్యలోని లియోస్‌లో. మెకానికల్, ఎలక్ట్రానిక్స్ బీటెక్ వాళ్లకు ఇస్రో కేంద్రీకృత పరీక్ష ఉంది. 65 శాతం మార్కులుంటే ఎవరైనా రాయవచ్చు, కాలేజీ పేరు అడగరు. బీఎస్సీ ఫిజిక్స్ ఫస్ట్ క్లాసులో పాసైన వారికి సైంటిఫిక్ అసిస్టెంట్ పోస్టులు, డిప్లొమా వాళ్లకు టెక్నికల్ అసిస్టెంట్ పోస్టులు, ఐటీఐ ఫిట్టర్, మెషినిస్టు చదివిన వారికి టెక్నీషియన్ పోస్టులు అప్పుడప్పుడూ పడతాయి. అద్దం చేసే గదిలో మైక్రాను తేడా పట్టే టెక్నీషియన్ విలువ అక్కడి శాస్త్రవేత్తకు తెలిసినంతగా బయట ఎవరికీ తెలియదు.

మూడో తలుపు ఈ మధ్యే తెరుచుకుంది. 2020లో కేంద్రం అంతరిక్ష రంగంలోకి ప్రైవేటును రానిచ్చాక కెమెరాలు చేసే కంపెనీలు పుట్టాయి. బెంగళూరు పిక్సెల్ సంస్థ నూటికి పైగా రంగుల పట్టీల్లో భూమిని చూసే ఉపగ్రహాలను 2025 జనవరిలో పంపింది. అదే ఏడాది ఆగస్టులో ఆ సంస్థ, హైదరాబాద్ ధ్రువ స్పేస్, మరో రెండు కంపెనీలు కలిసి 12 భూపరిశీలన ఉపగ్రహాలు పంపే పనిని దక్కించుకున్నాయి. హైదరాబాద్‌లోనే ఇయాన్ స్పేస్ ల్యాబ్స్ లాంటివి కెమెరాలు చేసే పనిలో ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం లేపాక్షి, తిరుపతిల్లో స్పేస్ సిటీలు తెస్తామంటోంది. వాటిలో రాకెట్ భాగాల ఫ్యాక్టరీలతో పాటు ఒక ఆప్టిక్స్ వర్క్‌షాపు ఉంటుందా అన్నది మన ప్రజాప్రతినిధులను అడగదగిన ప్రశ్న.

‘ఉద్యోగాలు ఎన్ని?’

మొదటి అభ్యంతరం ఇదే, న్యాయమైనదే. అంతరిక్ష ఆప్టిక్స్‌లో ఉద్యోగాలు తక్కువ. సాఫ్ట్‌వేర్‌తో పోలిస్తే లెక్కలోకే రావు. అయితే కాంతిని కొలిచే విద్య అంతరిక్షానికే పరిమితమై లేదు. రాత్రి దృష్టి పరికరాలు, క్షిపణి గురి కెమెరాలు, కంటి ఆసుపత్రుల స్కానింగ్ యంత్రాలు, ఫోను కెమెరాలు, ఫైబర్ నెట్ కింద పరుచుకున్న గాజు తీగలు, చిప్‌ల మీద గీతలు గీసే లితోగ్రఫీ యంత్రాలు, అన్నీ ఈ విద్య మీదే నడుస్తాయి. దేశంలో చిప్ ఫ్యాక్టరీలు కడుతున్న ఈ రోజుల్లో, ఇస్రో దొరకనివాడు రోడ్డున పడతాడన్న భయానికి ఆధారం లేదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు ఎక్కువ, పోటీదారులు మరీ ఎక్కువ. ఇక్కడ రెండూ తక్కువ.

రెండోది జీతం. ఇస్రో సైంటిస్టు ఉద్యోగం మూలవేతనం 56,100 రూపాయలతో మొదలవుతుంది, భత్యాలు వేరు. సాఫ్ట్‌వేర్‌లో పైకెళ్లినవాళ్లతో దీనికి పోలిక లేదు. పైగా బీఎస్సీతో మొదలుపెడితే చేతికి పూర్తి జీతం రావడానికి ఆరేడేళ్లు పట్టవచ్చు. ఇంటికి వెంటనే ఆసరా కావలసిన పిల్లలకు ఇది నిజంగా భారం. కౌలు రైతు ఇంట్లో, మత్స్యకారుడి ఇంట్లో ఏడేళ్లు ఆగమని చెప్పడం పత్రికల్లో రాసినంత తేలిక కాదు. వాళ్లకు ఐటీఐ, డిప్లొమా దారి ముందు చూపించాలి. ఉద్యోగంలో ఉంటూ పైచదువు చదివినవారు ఈ రంగంలో కొత్త కాదు.

మూడోది అమెరికా ఆశ. అరిజోనా, రోచెస్టర్ విశ్వవిద్యాలయాలు ఆప్టిక్స్ చదువుకు ప్రపంచంలోనే పేరెన్నిక గన్నవి. అక్కడ చదవడం మంచిదే. కాని అంతరిక్ష పరికరాలను ఆ దేశం ఆయుధాలతో సమానంగా, లేదా దాదాపు అంతే కట్టుదిట్టంగా నియంత్రిస్తుంది. పౌరసత్వమో గ్రీన్‌కార్డో లేనివారిని చాలా కంపెనీలు ఆ గదిలోకే రానివ్వవు. నాసాలో ప్రభుత్వ ఉద్యోగానికి పౌరసత్వం తప్పనిసరి. ఎంఎస్ కోసం అప్పు చేసి పంపే కోనసీమ తల్లిదండ్రులకు ఈ సంగతి ఏ కన్సల్టెన్సీ ముందుగా చెబుతుంది? అంతరిక్ష కెమెరా మీద చెయ్యి వేయాలనుకునే తెలుగు పిల్లలకు బెంగళూరు, అహ్మదాబాద్, హైదరాబాద్‌లే దగ్గరి దారులు, ఈ ఒక్క విషయంలో అమెరికా కన్నా ఖాయమైన దారులు కూడా.

ఇంకొక అభ్యంతరం గోదావరి వరదలు చూసినవారి నుంచి వస్తుంది. 2022 జూలైలో ధవళేశ్వరం వద్ద 25 లక్షల క్యూసెక్కులు దాటి లంక గ్రామాలు మునిగినప్పుడు ఆకాశమంతా మబ్బే. మామూలు కెమెరాకు మబ్బు కింద ఏమీ కనిపించదు. అప్పుడు అక్కరకొచ్చేది రాడార్ ఉపగ్రహం. 2022 ఫిబ్రవరిలో వెళ్లిన ఈఓఎస్-04, 2025 జూలై 30న వెళ్లిన నిసార్ అలాంటివే. అవును, ముంపు ప్రాంతాల పటాలు గీయడానికి రాడారే మేలు. కాని తుఫాను బంగాళాఖాతంలో పుట్టి మన వైపు తిరుగుతోందని ముందుగా చూపేది ఇన్‌శాట్-3డీఆర్, ఇన్‌శాట్-3డీఎస్ ఉపగ్రహాల్లోని పరారుణ కెమెరాలు. రాత్రి చీకట్లోనూ మబ్బుల పైభాగం చల్లదనాన్ని కొలిచి బొమ్మ పంపేది అవే. 1996 నవంబరు 6 తుఫాను రాత్రిని మరిచిపోని కోనసీమకు ఆ కెమెరా విలువ వేరే చెప్పనక్కర్లేదు. వరద తీశాక ఎన్ని ఎకరాల వరి పోయింది, కొబ్బరి తోటల్లో ఇసుక ఎంత మేట వేసింది, చెరువులు ఎక్కడ పెరిగాయి అని లెక్కలు తీసేటప్పుడు మళ్లీ ఆప్టికల్ కెమెరాలే కావాలి.

చివరిగా, ‘డిజైన్ అంతా కంప్యూటరే చేస్తుంది గదా’ అనే మాట. లెన్సుల డిజైన్‌లో సాఫ్ట్‌వేర్ దశాబ్దాలుగా ఉంది, ఇప్పుడు ఇంకా తెలివిమీరింది. అయినా కంప్యూటర్ గీసిన అద్దం నిజమైన గాజులో అలాగే వచ్చిందో లేదో తేల్చేది ఇంకా మనిషే. డిజైన్ ఎంత పదునెక్కితే తయారీలో, పరీక్షలో ఓర్పు అంత ఎక్కువ కావాలి.

కోనసీమలో లేనిదేమిటి?

తెలివికి కొదవ లేదు. సీనియర్ ఇంటర్ ఫిజిక్స్‌లో కిరణ దృశాశాస్త్రం, తరంగ దృశాశాస్త్రం రెండూ ఉన్నాయి. పరీక్షలకు బట్టీ పెట్టిన ఆ అధ్యాయాలే ఈ వృత్తికి పునాది. లేనిది ఆ అధ్యాయాలను చేత్తో తాకే అవకాశం. చాలా కార్పొరేట్ జూనియర్ కాలేజీల్లో ప్రాక్టికల్స్ పరీక్షకు వారం ముందు జరిగే తంతు. డిగ్రీలో 2023-24 నుంచి ఒకే మేజర్ పద్ధతి వచ్చాక ఫిజిక్స్ నేరుగా కంప్యూటర్ సైన్సుతో పోటీ పడవలసి వచ్చింది. చేరేవారు లేరని ఒక కాలేజీలో ఫిజిక్స్ మేజర్ మూతపడితే, దానితో పాటు ఆ చీకటి గది, సోడియం దీపం, మైక్రోస్కోపు మూలకు చేరతాయి. ఒకసారి మూలపడ్డ ల్యాబును మళ్లీ నిలబెట్టడం కొత్త కంప్యూటర్ ల్యాబ్ కొనడం కన్నా కష్టం, ఎందుకంటే దాన్ని నడపడం తెలిసిన డిమాన్‌స్ట్రేటర్ కూడా వెళ్లిపోతారు.

తక్కువ ఖర్చుతో చేయగల పని ఒకటి ఉంది. ఆరంగుళాల టెలిస్కోపు అద్దాన్ని చేత్తో అరగదీసి మెరుగు పెట్టుకోవడం ప్రపంచమంతటా ఔత్సాహికులు చేస్తున్నదే. రెండు గాజు బిళ్లలు, నాలుగైదు రకాల పొడులు, తారు, సీరియం ఆక్సైడ్, కొన్ని నెలల ఓపిక ఉంటే చాలు. దాన్ని పరీక్షించడానికి లక్షల రూపాయల యంత్రం అక్కర్లేదు. ఫ్రాన్సు శాస్త్రవేత్త లియోన్ ఫూకో 1850ల చివర్లో చెప్పిన పద్ధతిలో ఒక చిన్న దీపం, ఒక గడ్డం గీసుకునే బ్లేడు సరిపోతాయి. అద్దం నుంచి తిరిగొచ్చే వెలుగు ఒక చోట చేరే బిందువు దగ్గర బ్లేడు అంచును మెల్లగా అడ్డు పెడుతూ చూస్తే, అద్దం మీది మిట్టలు, పల్లాలు నీడలై పైకి తేలతాయి. మిల్లీమీటరులో పది వేల వంతు తేడా కూడా మామూలు కంటికి కనిపిస్తుంది. అమలాపురం ఎస్‌కేబీఆర్ కాలేజీలోనో, ఓడలరేవు ఇంజనీరింగ్ కాలేజీలోనో, రాజోలు ప్రభుత్వ డిగ్రీ కాలేజీలోనో ఏడాదికి ఒక బ్యాచ్ పిల్లలు ఇలా ఒక అద్దం పూర్తి చేస్తే, ఇంటర్వ్యూలో చూపడానికి వాళ్ల దగ్గర సర్టిఫికెట్ కన్నా బలమైన వస్తువు ఉంటుంది. ఎన్ని వారాలు పట్టింది, ఎక్కడ చెడింది, ఎలా సరిదిద్దారు అని అడిగితే చెప్పడానికి సొంత అనుభవం ఉంటుంది. ఇంటర్వ్యూ బోర్డుల్లో కూర్చునేవారు వెతికేది అదే.

తొమ్మిదో తరగతి పిల్లలకు ఇస్రో యువికా కార్యక్రమం ఉంది. దరఖాస్తు ప్రకటన వచ్చినప్పుడు మండల స్థాయి హైస్కూళ్లకు కబురు చేరేలా విద్యాశాఖ చూడాలి. మచిలీపట్నం కోనసీమకు మరీ దూరమేమీ కాదు. అక్కడి భారత్ ఎలక్ట్రానిక్స్‌లో అప్రెంటిస్‌షిప్‌ల గురించి అమలాపురం, కాకినాడ ఐటీఐలు, పాలిటెక్నిక్‌లు ప్రకటనలు వెతికి పిల్లలకు చెప్పాలి. కోనసీమ జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. కొత్త జిల్లాకు కొత్త భవనాలు వస్తున్నాయి. ఆ నిధుల్లో ఒక కాలేజీ ఫిజిక్స్ ల్యాబుకు ఒక మంచి ఇంటర్‌ఫెరోమీటర్, ఒక శుభ్రమైన గది, దాన్ని చూసుకునే ఒక శాశ్వత ఉద్యోగి కావాలని జిల్లా యంత్రాంగాన్ని, ఎమ్మెల్యేలను అడగడానికి తల్లిదండ్రుల కమిటీలు, పూర్వ విద్యార్థుల సంఘాలు ఈ విద్యా సంవత్సరంలోనే కదలవచ్చు. కౌన్సెలింగ్ గడువు దాటేలోగా ఫిజిక్స్ మేజర్‌లో తగినంతమంది చేరితేనే ఆ తరగతి నిలుస్తుంది, ముందు వాళ్లను చేర్పించాలి.